కోఠి సందులో ఒక జిల్దు దుకాణం, దొరాబ్జీ టాటా కాగితాలు

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్లూ ఉక్కు పరిశ్రమనూ, భారత ఒలింపిక్ ప్రయత్నాలనూ నడిపిన సర్ దొరాబ్జీ టాటా గురించి కంటబడిన ప్రతి వ్యాసాన్నీ, ప్రతి ఫోటోనూ కత్తిరించి దాచుకున్నాను. పదవీ విరమణ నాటికి రెండు వందలు దాటిన ఆ కాగితాలు అట్టపెట్టెలో పెళుసెక్కి, ముట్టుకుంటే అంచులు రాలిపోయే స్థితికి వచ్చాయి. కోఠి నుంచి బడీచౌడీకి వెళ్లే దారిలో, బోర్డు కూడా లేని ఒక పాత జిల్దు (బైండింగ్) దుకాణానికి వాటిని అప్పగించాను. పాత కాగితాలను కాపాడుకోవాలనుకునేవారికి నా అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను.

వ్యాపారం ఒక సంపుటంలో, క్రీడలు మరొక సంపుటంలో రావాలని నేను అడిగాను. జిల్దు కట్టే పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. కళ్లద్దాలు సవరించుకుని అరగంట సేపు ఒక్కొక్క కాగితమే తిప్పి, చివరకు రెండింటిని చెరో చేతిలో పట్టుకుని, "సార్, రెండిట్లో ఉన్నది ఒకే మనిషి, సంవత్సరం కూడా ఒకటే. విడదీస్తే చదివేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. ఆ సంవత్సరం 1924. టాటా ఉక్కు కంపెనీ మునిగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు దొరాబ్జీ సుమారు కోటి రూపాయల సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ధరించే 245 క్యారెట్ల జూబిలీ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకుకు హామీగా పెట్టిన సంగతి ఒక కాగితంలో ఉంది. అదే ఏడాది ఆయన చొరవతో భారత జట్టు పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన సంగతి రెండవదానిలో ఉంది. ఇన్నేళ్లూ వాటిని వేర్వేరు కవర్లలో ఉంచినందుకు నాకు బాధ కలిగింది. ఒకే సంపుటంగా, కాలక్రమంలో కట్టమన్నాను.

పని నాణ్యమైనది. విడి కాగితాలకు జుజ్‌బందీ, అంటే మడతల మధ్య దారంతో కుట్టే పద్ధతి, నేరుగా కుదరదు కనుక, ప్రతి కత్తిరింపునూ ఒక అంచు మాత్రమే అంటేలా మందపాటి కాగితంపై అతికించి, ఆ కాగితాలను మడతలుగా చేర్చి దారంతో కుట్టారు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు. ఎర్ర కాలికో గుడ్డ అట్ట వేసిన ఆ పుస్తకాన్ని ఏ పుట దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది.

ఇప్పుడు చదువుతుంటే ఆ జీవితం మొదటిసారి వరుసగా కనిపిస్తోంది. 1859లో బొంబాయిలో పుట్టి, కేంబ్రిడ్జిలో క్రికెట్, ఫుట్‌బాల్ ఆడిన యువకుడు, 1904లో తండ్రి జంషెడ్జీ మరణించాక ఆయన తలపెట్టిన ఉక్కు కర్మాగారాన్ని భుజాన వేసుకున్నాడు. 1912లో సాక్చిలో (నేటి జంషెడ్‌పూర్) ఉక్కు తయారైన వార్త తర్వాత కొద్ది పుటలకే పూనాలోని డెక్కన్ జింఖానా అనే క్రీడా సంఘం పోటీల కథనం వస్తుంది. అక్కడ రైతుబిడ్డలు ఉత్త కాళ్లతో పరుగెత్తడం చూసి, వీరిని ఒలింపిక్స్‌కు పంపాలని దొరాబ్జీ పట్టుబట్టారు. ఖర్చులో కొంత తానే భరించారు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఫడెప్ప చౌగులే పంతొమ్మిదవ స్థానంలో నిలిచాడు. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడినప్పుడు దొరాబ్జీయే తొలి అధ్యక్షుడు.

పారిస్ పుట పక్కన మన హైదరాబాదీ సయ్యద్ మహమ్మద్ హాదీ ఫోటో పెట్టించాను. ఆ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడింది, తర్వాత రంజీ ట్రోఫీలో తొలి శతకం కొట్టింది ఆయనే. ఈ నగరపు పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. అంచులు కోయవద్దని ముందే చెప్పినా పదకొండు కాగితాలను యంత్రంలో సమం చేశారు. ఏ పత్రికలో ఏ రోజు వచ్చిందో నేను పెన్సిల్‌తో రాసుకున్న వివరాలు వాటితో పోయాయి. పెద్దాయన నొచ్చుకుని, నా నోటుపుస్తకంలో దొరికిన ఏడింటి తేదీలను పుటల కింద చక్కటి దస్తూరీతో తిరిగి రాసి ఇచ్చారు. పది రోజులన్న పని మూడు వారాలు పట్టింది. తీసుకున్నది 2,200 రూపాయలు. ఆ చేతిపనికి అది ఎక్కువ కాదు.

1932 జూన్‌లో జర్మనీలో దొరాబ్జీ మరణించిన వార్త, ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్‌లో భార్య సమాధి పక్కనే ఆయనను ఉంచిన ఫోటో చివర ఉన్నాయి. వాటి తర్వాత నేను అడగకుండానే ఎనిమిది తెల్ల పుటలు వదిలారు. వెళ్లదలచినవారు శుక్రవారం మధ్యాహ్నం తప్పించి వెళ్లండి, అంచుల మీది రాతలను ముందే వేరే కాగితంపై ఎక్కించుకోండి.