బీహెచ్‌వీఓ-2 రాతిపొడి: కెర్గ్యూలెన్‌కి సరే, ఒంటాంగ్ జావాకి ఒక్కటే చాలదు

కెర్గ్యూలెన్ (దక్షిణ హిందూ మహాసముద్రం), ఒంటాంగ్ జావా (పశ్చిమ పసిఫిక్) లాంటి సముద్రగర్భ పీఠభూముల బసాల్టుల్ని (నల్లటి లావా రాళ్ళని) ఐసీపీ-ఎంఎస్‌లో (అతి స్వల్పంగా ఉండే మూలకాల్ని కూడా కొలిచే మెషీన్‌లో) కొలిచే చోటల్లా దాదాపుగా ఈ బీహెచ్‌వీఓ-2 సీసా కనిపిస్తుంది. అమెరికా జియలాజికల్ సర్వే సరఫరా చేసే ప్రామాణిక పొడి ఇది, అంటే ఏ మూలకం ఎంతుందో ముందే తేల్చిన పొడి. హవాయిలో కిలౌయియా మీద హలెమౌమౌ బిలం 1919లో పొంగి పొర్లినప్పటి లావాని నూరి తయారుచేశారు. సిలికా 49.9 శాతం, మెగ్నీషియం ఆక్సైడ్ 7.2, టైటానియం ఆక్సైడ్ 2.73.

కరిగించడంలో పేచీ పెట్టదు. 105 డిగ్రీల్లో రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని పాత్రలో) చల్లార్చి, 50 మిల్లీగ్రాములు తూచి టెఫ్లాన్ బీకర్లో వేయాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 1 మి.లీ., నైట్రిక్ అర మి.లీ. పోసి, మూత బిగించి, 120-130 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద రెండు రోజులు ఉంచితే చాలు. దెబ్బతినేది ఆ తర్వాత, యాసిడ్‌ని ఇగిర్చేటప్పుడు. మాడేదాకా ఎండబెడితే కాల్షియం, అల్యూమినియం ఫ్లోరైడ్లు గట్టిపడి లాంథనం, థోరియంలాంటివాటిని తమలోనే పట్టేసుకుంటాయి. బీకరు అడుగున తెల్లటి నలుసులు కనిపిస్తే ఆ ద్రావణాన్ని మెషీన్‌కి పెట్టకండి. నైట్రిక్ పోసి మళ్ళీ వేడిచేయండి, రెండుసార్లైనా.

ఇక సీసాతో వచ్చే అంకెల సంగతి. చాలావాటిని నమ్మొచ్చు. లాంథనం 15.2 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు), నియోబియం 18.1, జిర్కోనియం 172: ఎవరు కొలిచినా ఇంచుమించు ఇవే వస్తాయి. టాంటలం దగ్గరే తిరకాసు. పాత ధ్రువపత్రం 1.4 అంటుంది, తర్వాతి సంకలనాల్లో 1.15 దగ్గర తేలింది. 1.4 పెట్టి కాలిబ్రేషన్ చేస్తే (మెషీన్ సంకేతాన్ని అంకెలకి ముడిపెడితే) మీ శాంపిళ్ళన్నిటిలో టాంటలం ఐదో వంతుకు పైగా ఎక్కువ చూపిస్తుంది. నియోబియం, టాంటలం నిష్పత్తి 15.7 రావలసినచోట 13కి పడిపోతుంది. ఆ పడిపోవడానికి మాంటిల్లో (భూమి పైపెంకు కింది పొరలో) కారణం వెతకడం మొదలుపెడితే అంతే సంగతులు. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో శాంపిల్ నూరినా టాంటలం ఇలాగే పెరుగుతుంది కాబట్టి, అగేట్ (గట్టి సిలికా రాయి) రోట్లోనే నూరండి.

అసలు ఇబ్బంది ఒంటాంగ్ జావా రాళ్ళతో. కెర్గ్యూలెన్ బసాల్టుల్లో చాలావాటికి ఈ పొడి సాంద్రతలు దగ్గరగానే ఉంటాయి. ఒంటాంగ్ జావాలో ఎక్కువగా దొరికే క్వైంబైటా రకంలోనేమో నియోబియం 3-4 పీపీఎం, థోరియం 0.3 లోపే. నియోబియం 18 దగ్గర సరిచూసిన కాలిబ్రేషన్ గీత 3 దగ్గర కూడా నిలుస్తుందని ఈ ఒక్క సీసా చెప్పలేదు. బ్లాంక్‌లో (రాయి లేకుండా యాసిడ్లతోనే చేసే ద్రావణంలో) కొంచెం మురికి ఉన్నా అక్కడ పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఐస్‌లాండ్ బసాల్టుతో చేసిన బీఐఆర్-1ఏ కూడా తెప్పించుకోండి. అందులో నియోబియం 0.55, లాంథనం 0.6. శాంపిల్ ఈ రెంటి మధ్యా పడుతుంది. రెండిటికీ డబ్బు సరిపోకపోతే, ఒంటాంగ్ జావా పని చేసేవాళ్ళకి నా ఓటు బీఐఆర్‌కే.

ఐసోటోపుల్లో స్ట్రాన్షియం (87/86 నిష్పత్తి 0.70348), నియోడిమియం (143/144 నిష్పత్తి 0.51298) చక్కగా కుదురుతాయి. లెడ్‌కి మాత్రం వాడొద్దు. పొడి చేసేటప్పుడే బయటి లెడ్ అంటింది, చిటికె చిటికెకీ తేడా వస్తుంది. యాసిడ్‌తో కడిగితే విలువ ఇంకోవైపు జరుగుతుంది.

వయసు లెక్కకి ఈ సీసా పనికిరాదు. నిన్నమొన్నటి లావా, అందులోని పొటాషియం నుంచి ఆర్గాన్ పోగయ్యే వ్యవధే లేదు. ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతికి కొలరాడోలోని ఫిష్ కాన్యన్ సానిడిన్ (వయసు ప్రమాణంగా వాడే ఖనిజం) వేరే తెప్పించాలి. దాని వయసు 28.02 మిలియన్ ఏళ్ళని తీసుకున్నారో, 28.201 అని తీసుకున్నారో పాత వ్యాసాల్లో తప్పకుండా చూడండి. 122 మిలియన్ ఏళ్ళ రాయి దగ్గర ఆ తేడా దాదాపు 8 లక్షల ఏళ్ళు. ఒంటాంగ్ జావా రాళ్ళలో పొటాషియం ఆక్సైడ్ తరచు 0.1 శాతం దగ్గరే, పైగా సముద్రపు నీరు పట్టి బంకమన్నుగా మారిన భాగాలు. ఇక్కడ పాత వయసుల్ని గుడ్డిగా నమ్మకూడదు. 2023లో అచ్చయిన కొత్త కొలతలు ఒంటాంగ్ జావాని కోటి ఏళ్ళ దాకా చిన్నదాన్ని చేశాయి.

మన తూర్పు కనుమల రాళ్ళను పోలిన నైస్ (చారలుండే రూపాంతర శిల) గులకరాళ్ళు కెర్గ్యూలెన్‌లోని ఎలాన్ బ్యాంక్‌లో, డ్రిల్లింగ్ చేసిన 1137వ సైట్‌లో, దొరికాయి. వాటిని కొలిచేవాళ్ళు పైన చెప్పిన బీకర్ పద్ధతి మరిచిపోండి. వాటిలో ఉండే జిర్కాన్ అనే గట్టి ఖనిజం ఆ యాసిడ్‌కి లొంగదు, జిర్కోనియం, హాఫ్నియం తక్కువగా వస్తాయి. ప్రెషర్ బాంబ్ (ఒత్తిడిలో వేడిచేసే బిగుతైన పాత్ర) గానీ, ఫ్లక్స్‌తో (రాయిని కరిగేలా చేసే లవణంతో) కరిగించడం గానీ కావాలి. బీహెచ్‌వీఓ-2 బీకర్లో పూర్తిగా కరిగింది కదా అని ఆ పద్ధతి వీటికీ సరిపోతుందనుకుంటే పొరపాటే. బీహెచ్‌వీఓ-2లో అలా మొండికేసే జిర్కాన్ లేదు.