రియూనియన్‌లో ఆరు రాత్రులు

యానాం పక్క ఊరివాణ్ని కావడంతో ఫ్రెంచి పింఛన్ల కథలు వింటూ పెరిగాను. 1954లో యానాం భారత్‌కు వచ్చేసింది. హిందూ మహాసముద్రంలోని రియూనియన్ మాత్రం ఫ్రాన్సులోనే ఉండిపోయింది. అదెలా ఉంటుందో చూద్దామని వెళ్లాం.

మారిషస్ నుంచి విమానంలో ముప్పావు గంట. రియూనియన్‌లో యూరో చెల్లుతుంది, యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా చెల్లదు. రియూనియన్‌కు వర్తిస్తుందని వీసాలో విడిగా ఉండాలి. ఇది తెలియక మాతో రావలసిన ఒకాయన టికెట్టు డబ్బు పోగొట్టుకున్నాడు.

రాజధాని సాన్‌దెనీలో రెండు రాత్రులు ఎక్కువే. గది ఇరుకు, అద్దె ఘనం. ఆదివారం మధ్యాహ్నం అన్నం కోసం కాళ్లరిగేలా తిరిగాం. బయటి సరుకు మీద రేవు సుంకం వేసి, ఆ సొమ్ములో ఎక్కువ భాగం మునిసిపాలిటీలకు ఇస్తారు. దుకాణంలో బిస్కెట్ల ధర చూసి మా ఆవిడ పొట్లాన్ని మళ్లీ అరలో పెట్టేసింది.

సముద్రం ఒడ్డున, ఒకప్పటి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ భవనంలో ప్రిఫెక్టు ఉంటాడు. పారిస్ పంపిన మనిషి. మన కలెక్టరుకు పెద్దన్న అనుకోండి. 1946 నుంచి ఇది వలసరాజ్యం కాదు, ఫ్రాన్సులో ఒక జిల్లా. పైగా అదే నేలకు జిల్లా మండలి ఒకటి, ప్రాంతీయ మండలి మరొకటి. మాధ్యమిక బడుల బాధ్యత మొదటిది చూస్తే, ఆపై తరగతుల లిసేలు రెండోది చూస్తుంది. కరీబియన్‌లోని మరో ఫ్రెంచి దీవి మార్టినిక్ 2015లో ఈ రెండు మండళ్లనూ కలిపేసుకుంది. ఇక్కడ కలపలేదు. సొంతంగా నిబంధనలు చేసుకునే వీలు ఇతర దీవులకు ఇచ్చిన 2003 రాజ్యాంగ సవరణలో రియూనియన్‌ను మినహాయింపజేసింది కూడా ఇక్కడి సెనేటరే, భారత సంతతికి చెందిన విరాపుల్లే. పారిస్‌కు దూరమైతే నష్టమన్న లెక్క అది. నాకు విడ్డూరంగానే తోచింది.

కొండల నడుమ ఉన్న సిలావోస్ ఊరికి బస్సు మంచిదే, కానీ నాలుగు వందల మలుపులట, కడుపు తిప్పుతుంది. అక్కడి మసూర్ పప్పు కోసం ఎన్ని మలుపులైనా సరే అనిపించింది.

అన్నిటికన్నా మఫాత్ అనే కొండలోయలో బస నచ్చింది. రోడ్డు లేదు, రెండు గంటల నడక. పొడుగాటి బల్ల దగ్గర అందరికీ కలిపి అన్నం, కోడికూర, చిక్కుడుగింజలు, మన రోటిపచ్చడికి దగ్గరి చుట్టమైన రుగాయ్. ఇల్లు మీదేనా అని ఆ ఇంటావిడను అడిగాను. ఇల్లు తనదేనట, నేల సర్కారుదట. అటవీశాఖకు ఏటా కౌలు కడుతుందట. మర్నాడు కాఫీ తాగుతుండగా హెలికాప్టరు గ్యాస్ బండలు దించి వెళ్లింది. పెరటి కోళ్లు తలెత్తి కూడా చూడలేదు.