జాగ్రత్త: పాత స్పోర్ట్స్ కార్లకు "కొత్త ఒరిజినల్" అంటూ మెరుగు పెట్టిన పవర్ విండో స్విచ్‌లు అంటగడుతున్నారు

బెంగళూరులో 1990ల నాటి టూ-సీటర్లు, కూపేలు నడుపుతున్న మనవాళ్ళందరికీ. జేసీ రోడ్డు పక్క సందుల్లో "కొత్తది, ఒరిజినల్, సీల్ కూడా విప్పలేదు" అని అమ్ముతున్న విండో స్విచ్‌లలో పాతవాటిని తుడిచి పాలిష్ కొట్టినవి కలిసిపోయి వస్తున్నాయి. ఈ మధ్య ఒక షాపులో మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 కోసం కొన్న స్విచ్ తొమ్మిదో రోజుకే పోయింది. విప్పి చూస్తే లోపలి రాగి పలక మీద అడ్డదిడ్డంగా ఆకురాయి గీతలు, దాని పక్కన ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది. పైన మాత్రం అద్దంలా నిగనిగ. షాపులో అడిగితే "ఎలక్ట్రికల్ ఐటమ్‌కు రిటర్న్ లేదు" అన్నారు. బిల్లు మీద ముద్ర కూడా అదే. ఇది ఒక్క షాపుతో పోయేది కాదు, అందుకే పేరుకన్నా మోసం ఎలా జరుగుతుందో తెలుసుకోవడం ముఖ్యం.

వాళ్ళ దగ్గర ఉన్న పెద్ద ఆయుధం మల్టీమీటర్ బీప్. కౌంటర్ మీదే స్విచ్ నొక్కి, రెండు పిన్నుల మీద మీటర్ పెట్టి "చూడండి సార్, కూస్తోంది కదా" అంటారు. ఆ కూత నమ్మకండి. బీప్ మోడ్‌లో మీటర్ పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సగం కాలిన పాయింట్ (స్విచ్ లోపల లోహం లోహాన్ని తాకే చోటు) దగ్గర కూడా అది హాయిగా కూస్తుంది. కారులో ఆ స్విచ్ మోయాల్సింది 5 నుంచి 10 ఆంపియర్లు. అద్దం ఎక్కడైనా బిగుసుకుంటే 20 దాటుతుంది. కాలిన పాయింట్ దగ్గర 0.2 ఓమ్ నిరోధం ఉందనుకోండి. మీటర్ వైర్లకే అంత ఉంటుంది కాబట్టి స్క్రీన్ మీద తేడా కనిపించదు. అదే 0.2 ఓమ్ మీదుగా 7 ఆంపియర్లు వెళితే 1.4 వోల్టులు అక్కడే పోతాయి, దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. వేలెడంత ప్లాస్టిక్ డబ్బాలో అందులో సగానికి దగ్గరగా వేడి పుడితే అది కరగక ఏం చేస్తుంది?

కాబట్టి కౌంటర్ దగ్గర లోడ్ పెట్టి చూడండి. ఒక 12 వోల్టుల బ్యాటరీ (యూపీఎస్‌లో వాడే చిన్నది చాలు), హెడ్‌లైట్‌కు వాడే ఒక 60/55 వాట్ల హెచ్4 బల్బు, నాలుగు వైర్లు, మీ మీటర్, మీ కారు వైరింగ్ డయాగ్రమ్ ప్రింట్. బల్బు రెండు ఫిలమెంట్లనూ కలిపి వెలిగిస్తే 9 ఆంపియర్ల పైనే లాగుతుంది, అంటే మోటర్ లోడ్‌కు దగ్గరే. కరెంటు స్విచ్ గుండా పోయేలా కలిపి, మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, స్విచ్‌లోకి వచ్చే పిన్నుకూ బయటికి వెళ్ళే పిన్నుకూ మధ్య కొలవండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే అనుమానించండి. 1 వోల్టు వస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. పైకి, కిందికి, రెండు వైపులా చూడాలి, ఒక్కో దిశలో పది పదిహేను సార్లు నొక్కి చూడాలి. మెరుగు పెట్టిన స్విచ్ మొదటి రెండుసార్లు బాగానే ఉండి ఏడోసారికి అంకె ఎగరడం మామూలే. బల్బు వెంటనే బాగా వేడెక్కుతుంది, గాజును చేత్తో పట్టుకోకండి. ఈ పరీక్షకు ఒప్పుకోని షాపులో కొనకండి.

కంటితో చూసేవీ ఉన్నాయి. స్విచ్ తిరగేసి పిన్నుల దగ్గర దీపం పెట్టండి. ఎప్పుడూ సాకెట్లోకి వెళ్ళని పిన్ను మొదలు నుంచి మొన దాకా ఒకే రంగులో ఉంటుంది. వాడినదాని మీద పొడవునా సన్నటి గీత పడి ఉంటుంది, ఎంత తుడిచినా అది పోదు. ఏదో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కాఫీ మరకలా గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఆ పాయింట్ వేడెక్కిందన్నమాట. డబ్బా అతుకు దగ్గర ఉండే చిన్న క్లిప్పులు తెల్లబారి ఉన్నా, స్క్రూడ్రైవర్ గాటు కనిపించినా, అతుకులో ఫెవిక్విక్ మెరుపు ఉన్నా దాన్ని ఎవరో ఒకసారి విప్పారు. చెవి దగ్గర ఊపితే లోపల గలగల అనకూడదు. వాసన కూడా చూడండి, డ్యాష్‌బోర్డు పాలిష్ వాసన కొత్త స్విచ్‌కు ఎందుకుంటుంది?

వీటన్నిటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు పోయింది స్విచ్చేనా? ఇక్కడ చాలామంది రెండుసార్లు నష్టపోతున్నారు. స్విచ్ పోతే గ్యారేజీలో మోటర్ మార్పిస్తారు, మోటర్ పోతే మనమే వెళ్ళి స్విచ్ కొంటాం. రాత్రిపూట లోపలి దీపం వెలిగించి స్విచ్ నొక్కండి. దీపం కాస్త మందగించినా అద్దం కదలకపోతే కరెంటు మోటర్ దాకా వెళుతోంది. తప్పు మోటర్‌లోనో, అద్దాన్ని పైకీ కిందికీ జరిపే రెగ్యులేటర్‌లోనో (గ్యారేజీలో దీన్నే మెషిన్ అంటారు), అద్దం జారే రబ్బరు బిగుసుకుపోవడంలోనో ఉంది. దీపంలో ఏ మార్పూ లేకపోతే ఫ్యూజు, స్విచ్, వైరు చూడాలి. నాలుగైదు సార్లు ఎక్కించి దించాక ఆగిపోయి, పది నిమిషాలకు మళ్ళీ పనిచేస్తే అది ఎక్కువగా మోటర్ లోపలి వేడి రక్షణ కట్ అవ్వడమే, దానికి స్విచ్ కొని లాభం లేదు. స్విచ్ నొక్కి పట్టుకుని తలుపును నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉంటే అద్దం ఒక్కసారి కదిలి ఆగితే, తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు తెగింది. ఇరవై ముప్పై ఏళ్ళు వంగి వంగి రాగి తెగి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు.

తలుపు తలుపుకూ వేరే స్విచ్ ఉన్న పాత కార్లలో ఇంకో చిక్కు. ఇలాంటి చాలా డిజైన్లలో డ్రైవర్ దగ్గరి మాస్టర్ స్విచ్ గుండానే ఎడమ తలుపు మోటర్‌కు ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ కలిసే కారు బాడీ) అందుతుంది. స్విచ్ నొక్కనప్పుడు మోటర్ రెండు వైర్లూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, నొక్కితే ఒకటి మాత్రమే 12 వోల్టులకు మారుతుంది. మాస్టర్‌లో ఎర్త్ పాయింట్ కాలితే ఎడమ అద్దం ఆగుతుంది. ఎడమ స్విచ్ ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. మోటర్ కనెక్టర్ దగ్గర, దాన్ని విప్పకుండానే కొలిస్తే సంగతి తేలిపోతుంది. స్విచ్ నొక్కినప్పుడు రెండు వైర్ల మధ్య 12 వోల్టులు ఉండి మోటర్ తిరగకపోతే మోటర్ పోయింది, లేదా అద్దం బిగుసుకుంది. 9 వోల్టులే వస్తే దారిలో ఎక్కడో మింగేస్తోంది.

స్విచ్చే అని తేలినా వెంటనే కొనకండి. ప్లాస్టిక్ పూర్తిగా కరిగితే తప్ప చాలావరకు శుభ్రం చేస్తే చాలు. ముందు అద్దాలు కొంచెం దించి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి. ఎంఎక్స్-5లో స్విచ్ రెండు సీట్ల మధ్య కన్సోల్‌లో ఉంటుంది, కాఫీ ఒలికినా, టాప్ కారినా నేరుగా దాని మీదే పడుతుంది. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తో పైకి లేపి, కనెక్టర్ తాళం నొక్కి లాగాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. క్లిప్పులు విప్పేటప్పుడు స్విచ్‌ను పెద్ద పారదర్శక కవర్లో పెట్టి విప్పండి, లోపలి చిన్న స్ప్రింగులు ఎగిరిపోతే మళ్ళీ దొరకవు. ప్రతి అడుగుకూ ఫోన్‌తో ఫోటో తీయండి. లోపల తూగుడుబల్లలా అటూ ఇటూ వాలే రాగి పలకలు ఉంటాయి. వాటి కొసన వెండి పూత చుక్క, దాని మీద సూదితో పొడిచినట్టు గుంటలు, చుట్టూ మసి. నొక్కి వదిలిన ప్రతిసారీ మోటర్ చుట్ట నుంచి లేచే నిప్పురవ్వ చేసిన పని అది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన అట్టముక్కతో రుద్దండి, మొండిదైతే 1500 నంబరు ఎమరీ కాగితంతో రెండు మూడు సార్లు, అంతే. ఆకురాయి పెట్టొద్దు. వెండి పూత పోతే మిగిలేది వట్టి రాగి, అది వారాల్లోనే నల్లబడుతుంది. పైన చెప్పిన తొమ్మిది రోజుల స్విచ్‌కు జరిగింది అదే.

కొత్తదైనా పాతదైనా స్విచ్ మళ్ళీ మళ్ళీ కాలుతుంటే కారణం ఎక్కువగా అద్దం జారే రబ్బరు చానలే. ఎండకు గట్టిపడి, మన ఊరి దుమ్ము మేటవేసి అద్దాన్ని పట్టేస్తుంది. మోటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాని భారం స్విచ్ మోస్తుంది. చానల్‌ను తడిబట్టతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు వద్దు. అవి రబ్బరును ఉబ్బిస్తాయి, దుమ్మును అంటించుకుంటాయి.

శాశ్వతమైన పని కావాలంటే రిలేలు (చిన్న కరెంటుతో నడిచి పెద్ద కరెంటును కలిపే డబ్బాలు) పెట్టించండి. ఒక్కో అద్దానికి 5 కాళ్ళ 30 ఆంపియర్ల రిలేలు రెండు, అంటే టూ-డోర్‌కు మొత్తం నాలుగు. ఎస్పీ రోడ్డులో అన్నీ దొరుకుతాయి. కాళ్ళ పక్కన ఉండే నంబర్ల ప్రకారం 87వ కాలికి బ్యాటరీ నుంచి 25 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 87ఏకు ఎర్త్, 30వ కాలు మోటర్‌కు. స్విచ్ నుంచి వచ్చే వైరు 86కు, 85 ఎర్త్‌కు, 85, 86 మధ్య ఉండే రిలే కాయిల్ మీద ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస 86 వైపు. అప్పుడు స్విచ్ మోసేది 0.2 ఆంపియర్లకు మించదు. అద్దం వేగం కూడా పెరుగుతుంది.

పోర్షే బాక్స్‌టర్ 986 లాంటి జర్మన్ కార్లకు ఈ రిలే పని చేయించకండి. వాటిలో స్విచ్ కంట్రోల్ యూనిట్‌కు సంకేతం మాత్రమే ఇస్తుంది. బాక్స్‌టర్‌లో తలుపు తెరవగానే అద్దం దానంతటదే కొద్దిగా దిగాలి, అలా దిగకపోతే స్విచ్ కన్నా ముందు తలుపు తాళంలోని మైక్రోస్విచ్‌ను అనుమానించండి, ఆ కారులో తరచూ పోయేది అదే.

బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు అమెరికా అమ్మకందారుల దగ్గర తొందరపడకండి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. తలుపు మీది మాస్టర్ స్విచ్ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, కొన్నిసార్లు కనెక్టర్ పట్టినా వైర్ల వరుస వేరు. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా కార్ల భాగాలు మనకు సరిపోయే అవకాశం ఎక్కువ. మీ పాత స్విచ్ వెనక ఉన్న పార్ట్ నంబరును అక్షరం పొల్లుపోకుండా సరిచూశాకే డబ్బు కట్టండి.

ఇక్కడే కొంటుంటే బిల్లులో పార్ట్ నంబరు, "కొత్తది" లేదా "వాడినది" అన్న మాట, 15 రోజుల్లో మార్చి ఇస్తామన్న మాట, మూడూ రాయించుకోండి. వాడినదని చెప్పి తక్కువకిస్తే ఇబ్బందేమీ లేదు, పాత కారు భాగాలమ్మే చెన్నై పుదుప్పేటలో తీసుకున్నా అంతే, పైన చెప్పిన లోడ్ పరీక్ష చేసి తీసుకోవచ్చు. "కొత్తది" అని నోటితో చెప్పి బిల్లులో "స్విచ్ - 1" అని మాత్రమే రాస్తే, అక్కడే కౌంటర్ మీద పెట్టేసి వచ్చేయండి.