పి45టి కాలర్ ఉన్న హెచ్4 బల్బు: 6 నుంచి 12 వోల్టులకు మార్చిన పాత కారులో చాలాకాలం వాడాక

నాకు బాగా నచ్చినదాంతోనే మొదలుపెడతాను. అది ఈ బల్బు కాలర్, అంటే బల్బు మొదట్లో ఉండి దాన్ని దీపం గూట్లో కూర్చోబెట్టే లోహపు అంచు. కారుతో పాటు వచ్చిన గాజు, రిఫ్లెక్టరు, క్రోమ్ రింగు దేన్నీ ముట్టుకోకుండానే హాలోజన్ బల్బు పాత గూట్లో చక్కగా కూర్చుంటుంది. హెచ్4 బల్బు 1971లో వచ్చింది, దాని బేస్ పి43టి. అంతకుముందు యూరప్ కార్ల హెడ్‌లైట్లలో ఎక్కువగా ఉన్న ఆర్2 బల్బుది పి45టి, అంచు 45 మిల్లీమీటర్లు. అందుకే మామూలు హెచ్4 పాత గూట్లో సరిగ్గా కూర్చోదు. ఇప్పుడు నేను చెబుతున్నది హెచ్4 గాజును, దాని రెండు ఫిలమెంట్లను పి45టి కాలర్ మీద బిగించి అమ్మే రకం. వెనక మూడు స్పేడ్ల (చపటా పిన్నుల) ప్లగ్గు రెండింటికీ ఒకటే కాబట్టి వైరింగ్ కోసేపని లేదు. మళ్లీ పాత బల్బు పెట్టాలనిపిస్తే స్ప్రింగ్ క్లిప్ తీసి మార్చుకోవడమే. పాత దీపాన్ని పాతగానే ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మర్యాదైన మార్గం నాకు కనబడలేదు.

కొనేముందు పాత బల్బు బేస్ చూడండి. దాని మీద ఆర్2 అనో, పి45టి అనో ఉంటేనే ఈ సమీక్ష మీకు పనికొస్తుంది. బ్రిటిష్ కార్లలో చాలావాటికి పి36డి ప్రీ-ఫోకస్ బల్బు ఉంటుంది. దానికీ అడాప్టర్ రింగులు అమ్ముతారు, దయచేసి వాటి జోలికి వెళ్లకండి. ప్రీ-ఫోకస్ దీపంలో ఫిలమెంటు స్థానం పక్కకు జరగడం వల్ల డిమ్ కిందికి వాలుతుంది, రిఫ్లెక్టరు మొత్తం పనిచేస్తుంది. హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొన్నె ఉండి, రిఫ్లెక్టరు పైసగానికే వెలుగు పంపుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి కుదరవు. రోడ్డు మీద వెలుగు తగ్గి, ఎదుటివాళ్ల కళ్లలో పడేది పెరుగుతుంది. అలాంటి దీపానికి, అలాగే 7 అంగుళాల సీల్డ్ బీమ్‌కు (గాజు, రిఫ్లెక్టరు, ఫిలమెంట్లు విడదీయరాకుండా ఒకే ముక్కగా ఉండే దీపానికి) కూడా, మొత్తం యూనిట్ మార్చి 7 అంగుళాల హెచ్4 యూనిట్ పెట్టడమే సరైన పని. సీల్డ్ బీమే కావాలంటే 6 వోల్టుల 6006 నంబరు దాని స్థానంలో 12 వోల్టుల 6014 నంబరుది వస్తుంది.

వెలుగు సంగతి. ప్రమాణాల ప్రకారం 13.2 వోల్టుల దగ్గర 45/40 వాట్ల (మొదటి అంకె బ్రైట్‌ది, రెండోది డిమ్‌ది) ఆర్2 బల్బు బ్రైట్‌లో కనీసం 860 ల్యూమెన్లు (వెలుగు కొలత), డిమ్‌లో సుమారు 675 ఇవ్వాలి. 60/55 హెచ్4 బల్బుకు ఆ అంకెలు 1650, 1000. అంటే బ్రైట్ దాదాపు రెట్టింపు, డిమ్ ఒకటిన్నర రెట్లు. పెట్టిన కొత్తలో తేడా నిజంగా అలాగే అనిపించింది. బ్రైట్ గురించి ఇప్పటికీ అదే మాట. డిమ్‌లో మాత్రం పెరిగిన వెలుగులో ఎక్కువ భాగం కారు ముందు దగ్గరి నేల మీదే పడుతోంది, దూరం అంతగా పెరగలేదు. పాత లెన్స్ గీతలు వెలుగును అడ్డంగా పరచడానికే గీసినవి, బల్బు మారినంత మాత్రాన అవి మారవు.

అసలు చెప్పాల్సింది ఒక పక్క వెలుగు తగ్గిపోవడం గురించి. కొంతకాలం సవ్యంగా వెలిగాక ఎడమ డిమ్ పసుపుగా మారింది, కుడిది తెల్లగానే ఉంది. ఇలాంటప్పుడు అందరి అనుమానం బల్బు మీదకే వెళుతుంది. రెండు బల్బులూ అటూ ఇటూ మార్చి చూస్తే తేలిపోతుంది: పసుపు బల్బుతో పాటు కుడికి వెళితే బల్బు తప్పు, ఎడమవైపే ఉండిపోతే వైరింగ్ తప్పు. ఇక్కడ ఎడమవైపే ఉండిపోయింది.

తర్వాత మీటరు. ప్లగ్గు ఊడదీసి కొలిస్తే రెండు పక్కలా 13.8 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కరెంటు పారనప్పుడు నష్టమూ కనబడదు. అందుకే బల్బు వెలుగుతుండగా, ప్లగ్గు దాని చోట ఉండగానే వెనకనుంచి ప్రోబ్ గుచ్చి కొలవాలి. అలా కొలిస్తే కుడివైపు 13.0, ఎడమవైపు 11.6. ఫిలమెంటు వెలుగు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది కాబట్టి ఈ తేడాకు ఎడమ బల్బు మూడోవంతు వెలుగు పోగొట్టుకుంటోంది.

ఆ 1.4 వోల్టులు ఎక్కడ పోయాయో తెలియాలంటే ఒక ప్రోబ్ బల్బు ఎర్త్ స్పేడ్ (కరెంటు కారు రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే పిన్ను) మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టాలి. అక్కడ కుడివైపు కన్నా 0.9 వోల్టులు ఎక్కువగా పోతున్నాయి. దీపం బౌల్‌కు (దీపం కూర్చునే లోహపు గిన్నెకు) వేరే ఎర్త్ వైరు లేదు. అది ఫెండర్ రేకుకు బిగించిన స్క్రూల ద్వారానే ఎర్త్ అవుతుంది, ఆ స్క్రూల కింద పెయింటూ తుప్పూ ఉన్నాయి. నాలుగున్నర ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టులంటే అడ్డు 0.2 ఓమ్ మాత్రమే. మిగతా అర వోల్టు ప్లగ్గులో పోతోంది: పాత స్పేడ్ టెర్మినల్ స్ప్రింగు వదులై, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. అర వోల్టు, నాలుగున్నర ఆంపియర్లు అంటే రెండు వాట్లకు పైగా వేడి ఒక చిన్న రేకు మీదే పుడుతోందన్నమాట. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు.

12 వోల్టులకు మార్చిన ప్రతివాళ్లూ ఈ విషయం మనసులో పెట్టుకోవాలి. 6 వోల్టుల కాలంలో 40 వాట్ల డిమ్ 6.7 ఆంపియర్లు లాగేది, అదే 0.2 ఓమ్ అడ్డు 1.3 వోల్టులు మింగేది, ఆరింటిలో! అప్పుడు దీపం మసకగా ఉండటం ఎవరికైనా తెలిసేది. 12 వోల్టులకు మారాక కరెంటు తగ్గుతుంది, పాత లావు వైర్లు ఎక్కువే అవుతాయి, కొత్తలో దీపాలు బాగా వెలుగుతాయి. పాత జబ్బు మాత్రం పోదు, దాక్కుంటుంది. మార్పిడి చేసేటప్పుడు బ్యాటరీ, రెగ్యులేటరు, కాయిల్ మీద ఉన్నంత శ్రద్ధ ఎర్త్‌ల మీద ఉండదు.

సరిచేసిన తీరు ఇది. ఒక్కో బౌల్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎర్త్ వైరు తీసుకుని, రెండింటినీ బ్యాటరీ ఎర్త్ చేరే చోటికి కలిపాను. రెండు పక్కలా సిరామిక్ ప్లగ్గులు వేశాను. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి 30 ఆంపియర్ల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు). బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా రిలే 30 నంబరు పిన్నుకి, అక్కడి నుంచి 87 ద్వారా దీపాలకు. పాత డిప్ స్విచ్ (డిమ్, బ్రైట్ మార్చేది) నుంచి వచ్చే వైరు 86కి, 85 ఎర్త్‌కి. రెండు రిలేలకూ వేరువేరు ఫ్యూజులు పెట్టండి, ఒకటి పోయినా రోడ్డు మీద పూర్తిగా చీకటి కాకుండా ఉంటుంది. పాజిటివ్ ఎర్త్ కారైతే (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపినదైతే) లోపల డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) ఉన్న రిలేలు కొనకండి, కొంటే 85, 86 తారుమారు చేసి కలపాలి. ఈ పని తర్వాత రెండు బల్బుల దగ్గరా 13.5 వోల్టులు వస్తున్నాయి. అందువల్ల మొదట్లో బల్బును మెచ్చుకున్నదాంట్లో కొంత వాటా రిలేకూ ఎర్త్ వైరుకూ పంచాలి. ఇదే వైరింగ్ చేసి మంచి 45/40 బల్బు పెట్టినా చాలామందికి సరిపోతుంది.

వోల్టేజీ ఎక్కువైనా చిక్కే. ఫిలమెంటు ఆయుష్షు వోల్టేజీతో బాగా వేగంగా పడిపోతుంది: 5 శాతం పెరిగితే దాదాపు సగమవుతుంది. మార్పిడి తర్వాత బల్బులు తరచూ మాడిపోతున్నాయంటే బల్బును తిట్టేముందు రెగ్యులేటరు చూడండి. బల్బు దగ్గర 14.8 కనిపిస్తే ఏ కంపెనీ బల్బైనా నిలవదు.

ఇక నేను పొగిడిన కాలర్ దగ్గరికి. అన్ని కాలర్లూ ఒక్కలా ఉండవు. కొన్నిటిలో గాజు అటూఇటూ కొద్దిగా తిరిగి బిగించి ఉంటుంది. చేతిలో పట్టుకుని, కాలర్ కూర్చునే దిశలో తిప్పి చూడండి, లోహపు దొన్నె సరిగ్గా డిమ్ ఫిలమెంటు కింద ఉండాలి. పాత ఆర్2ను పక్కన పెట్టి పోల్చితే ఒంకర వెంటనే తెలుస్తుంది. కాలర్‌ను వేలితో కదిపితే కదలకూడదు. వదులుగా ఉన్నది వాడితే వైబ్రేషన్‌కు డిమ్ గీత (డిమ్ వెలుగు పై అంచు) మెల్లగా పక్కకు వాలుతుంది. బల్బు మార్చాక దీపం గురి కూడా మళ్లీ కుదర్చాలి: సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపి, డిమ్ గీత దీపం మధ్య ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉండేలా.

వేడి ఇంకో లెక్క. చాలాకాలం తర్వాత రిఫ్లెక్టరు తీసి చూస్తే, బల్బుకు పైన వెండిపూత మీద సన్నని గోధుమ పొర కనిపిస్తోంది. కొత్తలో అది లేదు. వెలుగుకు పెద్దగా నష్టం లేకపోయినా, దొరకని రిఫ్లెక్టర్లున్న కారుకు ఇది ఆలోచించాల్సిన విషయమే. 100/90 వాట్ల రకాల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఇదే కాలర్‌తో ఎల్ఈడీలూ వస్తున్నాయి. వాటి వెలుగు ఫిలమెంటు ఉన్నచోటు నుంచి అన్నివైపులకూ రాదు, డిమ్ గీత చెదురుతుంది. వెనక హీట్‌సింక్ పాత బౌల్‌లో పట్టకపోవచ్చు. పాజిటివ్ ఎర్త్ కారులో చాలావరకు అసలు వెలగవు. చాలా దేశాల్లో వాటికి అనుమతీ లేదు. నేను పెట్టను.

నా కారులో 12 వోల్టులతో పాటు ఆల్టర్నేటర్ కూడా ఉంది, రిఫ్లెక్టర్లు మెరుపు పోకుండా ఉన్నాయి, చీకట్లో దీపాల్లేని రోడ్ల మీద తిరగాల్సి వస్తుంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి 60/55తోనే కొనసాగుతున్నాను. 22 ఆంపియర్ల డైనమో ఉన్నవాళ్లకు లెక్క వేరు: బ్రైట్‌కు 10, ఇగ్నిషన్‌కు 3 లేదా 4, వెనక దీపాలూ మీటర్లూ 2 లేదా 3, వైపర్ 3 పోతే బ్యాటరీకి మిగిలేది కొంచెమే, ఐడిల్‌లో అదీ ఉండదు. అలాంటి కారుకైతే రిలేలు వేసి, 12 వోల్టుల 45/40 ఆర్2 బల్బే వాడతాను.