జపనీసా, మలయాళమా: తెలుగువాళ్ళకు ఏది మేలు?

కొత్త భాష నేర్చుకోవాలనుంది, జపనీస్ మొదలుపెట్టమంటారా, మలయాళమా? ఈ ప్రశ్న నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ముందు రెండేళ్ళు జపనీస్ చదివి, తర్వాత మలయాళం పట్టుకున్నానని తెలిసి అడిగేవాళ్ళే ఎక్కువ. జపాన్‌లో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్ళు ఇంత ఆలోచించక్కర్లేదు. అక్కడ 2019లో మొదలైన నైపుణ్య కార్మికుల వీసాకు చాలావరకు జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి అడుగుతారు, కాబట్టి జపనీసే నేర్చుకోవాలి. అలాంటి అవసరం లేకుండా, ఇష్టం కొద్దీ నేర్చుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

వ్యాకరణాన్ని బట్టి మాత్రం నిర్ణయించుకోవద్దు. ఆ విషయంలో రెండూ మనకు దగ్గరే. 'నిన్న వచ్చిన మనిషి' అనడానికి మలయాళంలో 'ఇన్నలె వన్న ఆళ్', జపనీస్‌లో 'కినో కిత హితో' అంటారు. మాటకు మాట మన వరసే. 'తిని చూడు' అంటే మలయాళంలో 'కఴిచ్చు నోక్కు', జపనీస్‌లో 'తబెతె మితె'. రుచి తెలుసుకోవడానికి మూడు భాషలూ 'చూడు' అనే మాటనే తెచ్చుకున్నాయి. మన 'ఎవరో, ఎవరూ' మలయాళంలో 'ఆరో, ఆరుం', జపనీస్‌లో 'దరెక, దరెమొ'. 'వస్తానని చెప్పాడు'లోని 'అని'కి మలయాళంలో 'ఎన్ను' ఉంది, జపనీస్‌లో 'తొ' ఉంది. మలయాళం మన ద్రావిడ కుటుంబందే. జపనీస్‌కు తమిళంతో చుట్టరికం ఉందని సుసుము ఓనో అనే జపాన్ పండితుడు వాదించారు గానీ, భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం ఉన్నా లేకపోయినా, వాక్యం కట్టే తీరు కలవడం నేర్చుకునేవాడికి పెద్ద అండ.

క్రియల దగ్గరైతే ఈ రెండూ మనకంటే తేలిక. మనం వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అంటాం. మలయాళంలో అన్నిటికీ 'పోయి' ఒక్కటే, జపనీస్‌లో 'ఇత్త' ఒక్కటే. 'మేము', 'మనం' తేడాను మాత్రం మలయాళం 'ఞఙ్ఙళ్', 'నమ్మళ్' అని మనలాగే నిలబెట్టుకుంది. జపనీస్‌లో అది లేదు.

మర్యాద దగ్గర రెండింటితోనూ జాగ్రత్తగా ఉండాలి. మనకు 'మీరు' అంటే సరిపోతుంది. మలయాళంలో పెద్దవాళ్ళను 'నిఙ్ఙళ్' అంటే అంత బాగుండదు, చేట్టా (అన్నా), చేచ్చీ (అక్కా), సార్ అని పిలవాలి. జపనీస్‌లో 'అనత' అన్నా అంతే, పేరుకు 'సన్' చేర్చి పిలవడం నయం. జపనీస్ అక్కడితో ఆగదు. మామూలుగా తినడం 'తబెరు', పెద్దవాళ్ళు తింటే 'మెషిఅగరు', వాళ్ళ ముందు నేను తింటే 'ఇతదకు'.

ఉచ్చారణలో జపనీస్‌దే పైచేయి. ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే అమ్మమ్మ. కితె అంటే 'వచ్చి', కిత్తె అంటే తపాలా బిళ్ళ. హ్రస్వాలు, దీర్ఘాలు, ద్విత్వాలు మన నోటికి పుట్టుకతో వచ్చినవే. మనం 'బస్సు' అన్నట్టే వాళ్ళు 'బసు' అంటారు. మలయాళంలో ముందు ఆ వేగాన్ని అందుకోవాలి, తర్వాత నాలుక వెనక్కి మడిచి 'ఴ' పలకాలి. ఈ అక్షరం ఒకప్పుడు మన శాసనాల్లోనూ ఉండేది. మన దగ్గర అది చాలాచోట్ల 'డ'గా మారింది. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు, వాళ్ళ పవిఴం మన పగడం. ఇది తెలిశాక ఆ అక్షరం పలకడానికి పడే కష్టం నాకు ఇష్టంగా మారింది.

నా దృష్టిలో అసలు తేల్చేది చదవడం. క్లాసు అయిపోయాక, టీచరు లేనప్పుడు, భాష మనలో పెరిగేది చదువుతోనే. జపనీస్ మొదట్లో ఆశ పెడుతుంది. హిరగాన, కతకాన అనే రెండు లిపులకు చెరో 46 అక్షరాలు, నెల తిరక్కుండా వచ్చేస్తాయి. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. స ఉన్నచోట చ, హ ఉన్నచోట ప పెట్టి చూడండి, మన వర్ణమాల వరసే. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమం ప్రభావం అది. ఆ తర్వాత కంజి, అంటే చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాల లిపి, వస్తుంది. 2010లో సవరించిన నిత్యవాడుక జాబితాలో 2136 అక్షరాలున్నాయి. పైగా ఒక్కోదాన్ని ఒక్కోచోట ఒక్కోలా చదవాలి. పుట్టుక, బతుకు అనే అర్థాలున్న ఒకే కంజిని 'సెన్సే' (టీచరు)లో 'సే' అని, 'తన్‌జోబి' (పుట్టినరోజు)లో 'జో' అని, పచ్చి గుడ్డు అనేటప్పుడు 'నమ' అని చదువుతారు. రెండేళ్ళ తర్వాత కూడా పత్రిక తెరిస్తే తెలియని కంజి దగ్గర నోరు ఆగిపోయేది. అర్థం తెలియకపోతే పోనీ, పైకి చదవడమే కుదిరేది కాదు. అది నన్ను బాగా బాధపెట్టింది.

మలయాళ లిపి అలా కాదు. ఎ, ఏ గుర్తులు హల్లుకు ఎడమవైపు వస్తాయి, పొల్లు హల్లులు కొన్నిటికి 'చిల్లు' అని వేరే అక్షరాలున్నాయి, 1971 సంస్కరణకు ముందటి రూపాలు, తర్వాతి రూపాలు రెండూ అచ్చులో కనిపిస్తాయి. ఒకే 'న'ను రెండు రకాలుగా పలుకుతారు. ఇబ్బందులు దాదాపు ఇంతే. రెండో నెలలో ఎర్నాకుళం బస్టాండులో బస్సు బోర్డు మీద 'ఆలప్పుఴ' అని కూడబలుక్కుని చదివాను. పుఴ అంటే నది అని అప్పటికి నాకు తెలియదు. అయినా ఊరి పేరు పైకి పలకగలిగాను, బస్సు ఎక్కగలిగాను. అందుకే, నన్నడిగితే మలయాళమే.

కొరియన్ గురించి కూడా అడుగుతున్నారు. లిపి చాలా సులువు, వాక్యం వరస మనదే, పదాలు మాత్రం మొదటినుంచీ కూడబెట్టుకోవాలి. కన్నడానికైతే ఇంత చర్చ అక్కర్లేదు, లిపి సగం వచ్చినట్టే.

మలయాళం ఎంచుకున్నవాళ్ళకు ఒక్క హెచ్చరిక. తెలిసిన మాట అనుకున్నదే దారి తప్పిస్తుంది. వాళ్ళకు 'అవసరం' అంటే మన అవకాశం, 'అవకాశం' అంటే హక్కు. మన అవసరానికి వాళ్ళు 'ఆవశ్యం' అంటారు. 'ఉపన్యాసం' అంటే వ్యాసం, 'సంసారం' అంటే మాట్లాడడం, 'ప్రశ్నం' అంటే సమస్య. ఇలాంటివి కనబడ్డప్పుడల్లా విడిగా ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. నా దాంట్లో ఇప్పటికి నలభై దాటాయి.