సింగపూర్‌లో పిల్లలకు నచ్చినవి, మాకు నచ్చినవి

పిల్లలతో సింగపూర్ వెళ్లొచ్చామనగానే అందరూ అడిగేది ఒకటే, "యూనివర్సల్ స్టూడియోస్ ఎలా ఉంది?" అని. బాగానే ఉంది. కానీ మా నాలుగేళ్ల వాడిని అడిగితే దాని పేరైనా ఎత్తడు. నీళ్లు చిమ్మే తోట గురించీ, చేతిమీద వాలిన పిట్ట గురించీ చెబుతాడు. ఎనిమిదేళ్ల అమ్మాయి లెక్క వేరు, మాతో వచ్చిన అత్తయ్యగారి లెక్క ఇంకా వేరు. అందుకే ఏది ఎవరికి పనికొచ్చిందో విడదీసి చెబుతాను.

విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉంది. సుమారు నాలుగు గంటల ప్రయాణం, పిల్లలు విసుగెత్తేలోపు దిగిపోతాం. మనకు వీసా తప్పనిసరి. దానితో పాటు దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. దానికీ డబ్బు అడిగే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి, ప్రభుత్వం వారి సైట్‌లోనే నింపండి.

లిటిల్ ఇండియాలో దిగాం. అత్తయ్యగారి భోజనం, గుడి రెండూ దగ్గరని. ఆ లెక్క కుదిరింది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి ఆవిడ పొద్దున్నే వెళ్లి వచ్చేవారు (మధ్యాహ్నం గుడి మూసేస్తారు). 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో దోసె, అన్నం దొరుకుతాయి కాబట్టి పిల్లల తిండి గురించి టెన్షన్ లేదు. హోటల్ గదే తేడా కొట్టింది. ఫొటోలో హాలులా కనిపించిన "ఫ్యామిలీ రూమ్"లో పెట్టెలు రెండూ ఒకేసారి తెరిస్తే నడవడానికి దారి లేదు, కిటికీ అసలే లేదు. తెల్లారిందో లేదో ఫోన్ చూసి తెలుసుకోవాలి. అక్కడ కిటికీ లేని గదులు అమ్మడం మామూలేనట. బుక్ చేసేటప్పుడు గది ఎన్ని చదరపు మీటర్లో, కిటికీ ఉందో లేదో చదివి తీరాలి.

ఇక తిరుగుళ్లు. నన్నడిగితే మొదటి మార్కు గార్డెన్స్ బై ద బే అనే పెద్ద ఉద్యానవనంలోని పిల్లల తోటకే. టికెట్ లేదు. సోమవారం మాత్రం సెలవు. నేలలోంచి నీళ్లు ఎప్పుడు ఎక్కడ ఎగజిమ్ముతాయో తెలియదు. మావాడు ఒక రంధ్రం మీద కాలు పెట్టి మూసేశానని గెలిచినట్టు చూస్తుండగానే పక్కదానిలోంచి మొహం మీద కొట్టింది. ఆ తర్వాత గంటన్నర పాటు వాడికి అమ్మానాన్నలు గుర్తులేరు. పెద్దదానికి చెట్టు ఇళ్లు, వేలాడే వంతెనలు ఉన్నాయి. తువ్వాలు, ఒక జత బట్టలు, చెప్పులు తీసుకెళ్లండి. మన దగ్గర మే నెలలో ఉండే ఉక్క అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పూట ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒకటే ఇబ్బంది, ఉరుములు మొదలైతే నీళ్లు ఆపేస్తారు.

అదే ప్రాంగణంలో రెండు పెద్ద అద్దాల మందిరాలున్నాయి. ఫ్లవర్ డోమ్ అత్తయ్యగారికి తెగ నచ్చింది. పిల్లలు మాత్రం పది నిమిషాల్లో "ఇంకెంతసేపు" అన్నారు. క్లౌడ్ ఫారెస్ట్ అలా కాదు. లోపల అడుగు పెట్టగానే చల్లగాలి, ఎదురుగా 35 మీటర్ల జలపాతం. లిఫ్టులో పైకెళ్లి కొండ చుట్టూ నడుచుకుంటూ దిగాలి. పిల్లలకు టికెట్ ఒక్కదానికే కొనాలనుకుంటే ఇదే కొనండి. రాత్రి 7.45కీ 8.45కీ సూపర్ ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) దగ్గర దీపాల ప్రదర్శన ఉచితం. అందరూ నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తారు, మొహమాటపడక మీరూ పడుకోండి.

జంతువుల పార్కులన్నీ ఊరి చివర మందాయ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఖాతిబ్ మెట్రో స్టేషన్ నుంచి షటిల్ బస్సు వెళుతుంది. ఏజెంట్లు అన్నీ కలిపి ప్యాకేజీ అంటగట్టాలని చూస్తారు. నాలుగేళ్ల పిల్లలతో ఒకే రోజు రెండు పార్కులు చూడటం మాటల్లోనే బాగుంటుంది. జూ, పక్షుల పార్కు రెంటిలో ఒకటి అంటే నా ఓటు 2023లో తెరిచిన బర్డ్ ప్యారడైజ్‌కి. పెద్ద పెద్ద వలల కింద చెట్లూ వాగులూ పెట్టి పక్షుల్ని వదిలేశారు, మనం వాటి మధ్య నడుస్తాం. లోరీ చిలుకలకు తేనెలాంటి పానకం చిన్న గిన్నెలో కొనిస్తే అవి వచ్చి చేతిమీద వాలతాయి. ఒకటి మావాడి మోచేతి మీద, ఇంకొకటి నేరుగా గిన్నె అంచు మీద కూర్చున్నాయి. వాడు ఊపిరి బిగబట్టి, కళ్లు మాత్రమే తిప్పి నన్ను చూశాడు. గోళ్లు గుచ్చుకుంటాయి, కాస్త పొడుగు చేతుల చొక్కా వేస్తే మంచిది. జూ కూడా మంచిదే. ఒరాంగుటాన్లు నెత్తిమీదుగా తాళ్లు పట్టుకుని పోతుంటాయి. కానీ నడక బాగా ఎక్కువ, స్ట్రోలర్ లేకపోతే చంక నొప్పే.

మందాయ్‌లోనే రాత్రిపూట తెరిచే జూ నైట్ సఫారీ. దాని విషయంలో ఒక చిట్కా. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదైతే పిల్లల ఒంటికి ఇంకా ఆరున్నరే. కాబట్టి వెళ్లిన మొదట్లోనే, మధ్యాహ్నం కాసేపు పడుకోబెట్టి తీసుకెళ్లండి. చివరి రోజులకు వాయిదా వేస్తే ట్రామ్ ఎక్కగానే నిద్రపోతారు. ట్రామ్ ప్రయాణం సుమారు నలభై నిమిషాలు, ఫ్లాష్ వాడకూడదు.

ఇప్పుడు యూనివర్సల్. ఎత్తు కొలిచే కర్ర దగ్గరే అక్కడ సగం కథ తేలిపోతుంది. మమ్మీ రైడ్‌కి 122 సెంటీమీటర్లు, గెలాక్టికా అనే రోలర్ కోస్టర్‌కి 125 ఉండాలి. మా అమ్మాయి మొదటిదానికి సరిపోయింది, రెండోదాని దగ్గర మునివేళ్ల మీద లేచినా ఒప్పుకోలేదు. అరగంట అలిగింది. చిన్నవాడికి ఎక్కగలిగినవి కొన్నే, క్యూలు మాత్రం అందరికీ సమానం. పెద్దవాళ్లకు ఎనభై పైన సింగపూర్ డాలర్లు, పిల్లలకు కాస్త తక్కువ. డాలరు మన రూపాయల్లో 70కి అటూ ఇటూ, లెక్కేసుకోండి. పిల్లలు పదేళ్లు దాటితే తప్పకుండా వెళ్లండి. అంతకన్నా చిన్నవాళ్లయితే యూనివర్సల్ ఉన్న సెంతోసా దీవిలోనే పలావన్ బీచ్‌కి వెళ్లి ఇసుకలో ఆడుకోనివ్వండి. దీవిలోకి రైలుకు 4 డాలర్లు, నడిచి వెళితే అదీ లేదు. లోపల తిరగడానికీ, వెనక్కి రావడానికీ రైలు ఉచితం.

ఊళ్లో తిరగడానికి ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) చాలు. మన బ్యాంకు వీసా, మాస్టర్ కార్డులతోనే గేటు దగ్గర తాకించి వెళ్లొచ్చు కానీ మనిషికో కార్డు ఉండాలి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. రైల్లో తినడం, తాగడం నిషేధం, జరిమానా వేస్తారు. చంటివాడి చేతిలో బిస్కెట్ పొట్లం ఉంటే ఎక్కేముందే బ్యాగులో వేయండి. యాప్‌లో పిలిచే కార్లలో 1.35 మీటర్ల లోపు పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి, మామూలు ట్యాక్సీకి ఆ నిబంధన లేదు.

తిరుగు విమానానికి మూడు గంటలు ముందే వెళ్లి విమానాశ్రయంలోని జ్యువెల్ అనే మాల్ చూడండి. 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి, చూడటానికి రూపాయి ఖర్చు లేదు. ఇమిగ్రేషన్ దాటాక మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది, అదీ ఉచితమే.

వేసవి సెలవుల్లో అనుకుంటున్నవాళ్లు మే నెలలోనే వెళ్లొచ్చేయండి. జూన్‌లో అక్కడి బడులకు నాలుగు వారాల సెలవులు, పిల్లలున్న ప్రతిచోటా క్యూలే.