మన సముద్రపు చమురా, ఓడలో వచ్చే చమురా: చేపలకు ఏది మేలు?

గుంటూరులో మా బాబాయితో ఈ వాదన సంక్రాంతికి మొదలైంది. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటే కొంటున్నాం, మన సముద్రంలో ఉన్నది తోడుకుంటే తప్పేమిటని ఆయన అంటారు. డబ్బు లెక్కలో ఆయన మాట సరైనదే. నేను అడిగింది వేరు: చేపలకు, తాబేళ్లకు ఏ దారిలో కీడు తక్కువ?

ముందు ప్రమాదాలు చూద్దాం. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బకు తగిలి సుమారు రెండున్నర లక్షల పీపాల చమురు ఒలికింది. దశాబ్దాల తరువాత కూడా అక్కడి ఒడ్డున రాళ్ల కింద తవ్వితే చమురు కనిపించింది. 2010లో మెక్సికో సింధుశాఖలో సముద్రంలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. బావిని మూయడానికి 87 రోజులు పట్టింది. దాదాపు 49 లక్షల పీపాలు బయటికి వచ్చాయని అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది. ఓడ ఎంత పెద్దదైనా అందులో పట్టినంతే ఒలుకుతుంది. బావికి ఆ హద్దు లేదు. పైగా ఆ బావి నోరు కిలోమీటరున్నర లోతున ఉంది. పైకి తేలిన తెట్టును తోడవచ్చు, లోతున నీటిలో కలిసినదాన్ని ఎవరు తీస్తారు? ఈ లెక్కలో ఓడే నయం. అలాగని మనం ధీమాగా ఉండలేం. 2017లో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చమురు మడ్డిని మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ప్రమాదం కాదు, ఏ ప్రమాదమూ జరగని రోజుల్లో జరిగే కీడు. చమురు ఎక్కడుందో వెతకడానికి సర్వే ఓడలు గాలి తుపాకులతో పది పదిహేను సెకన్లకు ఒకసారి నీటిలో పెద్ద శబ్దం చేస్తాయి, రాత్రింబవళ్లు, వారాల తరబడి. ఆ శబ్దానికి కిలోమీటరు దూరంలో కూడా నీటిలో తేలియాడే చిన్న చిన్న ప్రాణులు (జూప్లాంక్టన్) చచ్చిపోయాయని 2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు. చేపపిల్లలకు తిండి ఆ ప్రాణులే. తరువాత బావి తవ్వేటప్పుడు వచ్చే బురద, రాతిపొడి అడుగున పేరుకుని అక్కడి పురుగులను, నత్తలను కప్పేస్తాయి. చమురుతో పాటు పైకి వచ్చే నీటిని ఎంత శుద్ధి చేసినా కొంత నూనె మిగులుతుంది. ముడి చమురులోని కొన్ని రసాయనాలు చేపగుడ్డులో పిండం గుండెనే వంకరగా పెరిగేలా చేస్తాయి.

అయితే ఓడలో వచ్చే చమురు కూడా ఎక్కడో ఒక బావిలోదే. గల్ఫ్ సముద్రంలో బావులున్న చోట కూడా తాబేళ్లు, సముద్రపు ఆవులు బతుకుతున్నాయి. దిగుమతి ఆ కీడును తగ్గించదు, మన కంటికి కనబడకుండా చేస్తుంది. చమురు వాడకం తగ్గించుకోవడమే మేలని మా పిన్ని అంది. కాదనను, కానీ రేపు బందరు వెళ్లే బస్సుకు డీజిల్ కావాలి.

నా అభిప్రాయం ఇది. కాకినాడ ఎదుట లోతు నీటిలో 2024 జనవరి నుంచి చమురు తీస్తున్న బావుల వంటివి కట్టుదిట్టంగా నడిస్తే సరే, అక్కడ నిబంధన పెట్టే అధికారం మన చేతిలో ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట, హంసలదీవి, నాగాయలంక మడ అడవుల ఎదుట లోతులేని నీటిలో మాత్రం కొత్త బావి కంటే దిగుమతే మేలు. రొయ్యపిల్లలు పెరిగేది అక్కడే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఆ ఇసుకకే.

ఎక్కడ తవ్వినా ఒక షరతు ఉండాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన మరపడవలు వేటకు వెళ్లకూడదు. ఆ రోజుల్లోనూ, అంతకుముందు తాబేళ్లు వచ్చే నెలల్లోనూ తీరం దగ్గర గాలి తుపాకులు మోగకూడదు.

"ఆ నెలల్లోనే కదమ్మా సముద్రం నెమ్మదిగా ఉండేది! మరి వాళ్లు తుపానుల్లో సర్వే చేయాలా?" అన్నారు బాబాయి.

కష్టమే బాబాయ్. రెండు నెలలు పడవ కట్టేసి కూర్చోవడం బందరు జాలరికీ కష్టమే.